ఎంటర్ కొట్టాలంటే చెయ్యి వణుకుతోంది

ప్రశ్న: నమస్తే అన్నా. మాది హన్మకొండ. వయసు 44. ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక ఆడ్తి (కమీషన్) దుకాణంలో పదకొండేళ్లుగా కంప్యూటర్ మీద లెక్కలు కొడుతున్నాను. పోయిన దసరా తర్వాత మా సేటు పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టించారు. పాతది నల్ల స్క్రీన్. చూడ్డానికి ఏం బాగుండేది కాదు గానీ, కళ్లు మూసుకుని కొట్టేదాన్ని. కొత్తది రంగురంగులుగా ఉంది. మిర్చి సీజన్ మొదలైన కాడి నుంచి దాంతో నరకం చూస్తున్నాను. మొన్న ఒక రైతుకు రెండు తక్‌పట్టీలు (అమ్మకం బిల్లులు) వచ్చాయి. ఇంకో రైతుకు ఎనిమిది బస్తాల్లో ఒకదాని తూకం ఎగిరిపోయింది. కొంచెం ఆగితే చాలు, మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది, కొట్టిందంతా పోతుంది. కిటికీ దగ్గర పదిమంది రైతుల ముందే సేటు "నీకు వయసైపోయింది, కొత్త పిల్లను పెట్టుకోవాలె" అన్నారు. సాయంత్రానికి తల పగిలిపోతోంది, మెడ పట్టేస్తోంది. రాత్రి కలలో కూడా ఆ తిరిగే చక్రమే. మా ఆయన మానెయ్యమంటున్నారు. నిజంగానే నాకు కంప్యూటర్ రాదా? ఇది బీపీనా, వయసా, భయమా? స్క్రీన్ ఫొటో పంపుతున్నాను.

సమాధానం:

చెల్లె, మీ ఉత్తరం కంటే ఆ ఫొటోనే ఎక్కువసేపు చూశాను. రాత్రి భోజనమయ్యాక పెద్దగా చేసుకుని చూస్తుంటే మా ఇంటావిడ "ఎవరి ఎక్స్‌రే అది?" అని అడిగింది. ఒకరకంగా ఎక్స్‌రేనే. మీ మెడనొప్పి ఎక్కడ మొదలవుతోందో అందులో కనబడుతోంది.

పదకొండేళ్లు కళ్లు మూసుకుని లెక్క కొట్టిన మనిషికి కంప్యూటర్ రాదంటే ఎవరు నమ్ముతారు? రాత్రికి రాత్రి బండికి బ్రేకూ క్లచ్చూ అటుదిటు మార్చేసి, పొద్దున "ఎందుకు గుద్దావ్" అని అడిగినట్టుంది ఇది. నేను ఇరవై ఏళ్లు ఇలాంటి స్క్రీన్లు తయారుచేసే పనిలోనే ఉన్నాను కాబట్టి, మావాళ్ల తప్పులు నాకు బాగానే తెలుసు. మీ రెండు తప్పులనూ ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

ముందు ఎగిరిపోయిన బస్తా. మీ పాత ప్రోగ్రాం విండోస్ రాకముందటి డాస్ కాలం నాటిది. ఆ కాలపు ప్రోగ్రాముల్లో చాలావాటికి ఎంటర్ అంటే 'ఈ గడి అయిపోయింది, పక్క గడికి పో' అని. రైతు పేరు, ఎంటర్. ఊరు, ఎంటర్. బస్తాలు, ఎంటర్. తూకం, ఎంటర్. మీ చిటికెన వేలు ఆ మాట ఎన్ని లక్షల సార్లు చెప్పి ఉంటుందో. కొత్తది బ్రౌజర్‌లో తెరుచుకునే ఫారం. అలాంటి ఫారాల్లో గడిలో ఉండగా ఎంటర్ కొడితే, రాసినవాళ్లు ప్రత్యేకంగా ఆపకపోతే, ఫారం మొత్తం వెళ్లిపోవడమే మామూలు. పక్క గడికి పోవాలంటే ట్యాబ్ కొట్టాలి. ఏడు బస్తాల దాకా మీరు గుర్తుపెట్టుకుని ట్యాబే కొట్టారు. ఏడో తూకం కొడుతుండగా ఎవరో పిలిచారు. మీరు తల తిప్పారు, వేలు తన పాత అలవాటు కొద్దీ ఎంటర్ మీద పడింది. ఎనిమిదో గడి ఖాళీగా ఉండగానే బిల్లు వెళ్లిపోయింది. బస్తాలు ఎనిమిదని పైన మీరే కొట్టారు కదా, కింద ఏడు తూకాలే ఉన్నాయని ఆ ప్రోగ్రాం ఒక్క మాటన్నా అనాలి. అనలేదు. ఏడింటికీ ఎనిమిదింటికీ తేడా పట్టుకోవడం కంప్యూటర్‌కు చేతనైన పనుల్లో అన్నిటికంటే తేలికైనది. అది కూడా మనిషి మీదికే తోసేశారు.

ఇక రెండు తక్‌పట్టీలు. సేవ్ నొక్కాక ఏమవుతుందని ఫోన్‌లో అడిగితే మీరు చెప్పిన జవాబు నేను కాగితం మీద రాసి పెట్టుకున్నాను: "ఏం కాదన్నా. అట్లనే ఉంటది. ఒకోసారి చక్రం తిరుగుతది, ఒకోసారి తిరగది." మీ కష్టమంతా ఈ మూడు మాటల్లో ఉంది. నొక్కారు. అందిందో లేదో తెలియదు. కిటికీ అవతల రైతు "ఏమాయె బిడ్డా" అంటున్నాడు. మళ్లీ నొక్కారు. మొదటిది అందింది, రెండోదీ అందింది. ప్రింటర్ రెండు పట్టీలు కక్కింది. ఒకసారి నొక్కగానే ఆ బటన్ పనిచెయ్యకుండా ఆపెయ్యడం, 'బిల్లు రాస్తున్నాం, ఆగండి' అని చూపించడం ఈ వృత్తిలో ఓనమాలు.

కంప్యూటర్ ఎంతసేపట్లో జవాబివ్వాలనే లెక్క నిన్నమొన్నటిది కాదు. 1968లోనే రాబర్ట్ మిల్లర్ అనే ఆయన దాని మీద రాశాడు. 1993లో యాకబ్ నీల్సన్ అనే పరిశోధకుడు దాన్నే మూడు గీతలుగా గీసి చెప్పాడు. సెకనులో పదో వంతులో స్క్రీన్ కదిలితే మన చేత్తోనే కదిపినట్టుంటుంది. ఒక సెకను వరకు ఆలస్యం తెలుస్తుంది గానీ ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనసు వేరేదాని మీదికి పోతుంది. అంత సేపు పట్టే పనైతే ఎంత అయిందో, ఇంకెంత ఉందో చూపించాలి. నిండుకుంటూ పోయే గీత ఒకటి చూస్తుంటాం కదా, 1985లో బ్రాడ్ మయర్స్ అనే పరిశోధకుడు దాన్ని పరీక్షించి చూస్తే జనం అది ఉంటేనే బాగుందన్నారు. ములుగు బస్సు ఇరవై నిమిషాలకు వస్తుందని తెలిస్తే బస్టాండ్‌లో కూర్చుని పల్లీలు తింటాం. ఎప్పుడొస్తుందో తెలియకపోతే రెండు నిమిషాలకోసారి లేచి తొంగి చూస్తాం. మీ కలలోకి వచ్చే చక్రం ఆ రెండో రకం బస్టాండ్. పైగా అది అబద్ధం కూడా ఆడుతుంది. నెట్ పోయినా కొన్ని ప్రోగ్రాముల్లో అట్లా తిరుగుతూనే ఉంటుంది.

దీనికి ఎదురు ఉదాహరణ చూడాలంటే హన్మకొండ చౌరస్తాలో ఏ చాయ్ బండి దగ్గరైనా నిలబడండి. చాయ్‌వాలా ఒక చేత్తో పాలు పోస్తుంటాడు, ఇంకో చేత్తో గ్లాసు అందిస్తుంటాడు. పక్కనున్న డబ్బా "పది రూపాయలు వచ్చాయి" అంటుంది. ఆయన తల కూడా ఎత్తడు. ఆ డబ్బా రాకముందు ప్రతి గ్లాసుకూ ఫోన్ తీసి మెసేజ్ వచ్చిందా అని చూసుకునేవాడు, "చూపియ్యన్నా" అని గిరాకీతో వాదన కూడా. డబ్బు అంతే, జనం అంతే. అయిందా లేదా అన్న అనుమానం ఒక్కటి పోయింది, అంతే. వాట్సాప్‌లో ఒక టిక్కు, రెండు టిక్కులు కూడా ఇదే పని చేస్తాయి. (నీలం టిక్కు మాత్రం 2014లో వచ్చిన కొత్త తలనొప్పి. చూసి కూడా జవాబివ్వలేదేం అని మా చెల్లెలు నాతో ఇప్పటికీ తగాదా పెట్టుకుంటుంది. ఎక్కువ చెప్పినా కష్టమే.)

అనుమానం పుట్టించే స్క్రీన్ ముందు ఎంత చదువుకున్నవాళ్లయినా ఒకటే. 1979 మార్చిలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, థ్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో పెద్ద ప్రమాదం జరిగింది. ఒక వాల్వు మూసుకోవాల్సింది, తెరుచుకునే ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూంలో మాత్రం దాని దీపం ఆరిపోయింది. దీపం ఆరితే వాల్వు మూసుకున్నట్టని అక్కడివాళ్లు అనుకున్నారు. నిజానికి ఆ దీపం చెప్పేది 'మూసుకోమని ఆజ్ఞ వెళ్లింది' అని మాత్రమే. మూసుకుందో లేదో దానికి తెలియదు. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీళ్లు బయటికి పోతూనే ఉన్నాయి. అక్కడున్నది శిక్షణ పొందిన ఆపరేటర్లు. మీ సేవ్ బటన్ కూడా అదే దీపం. నొక్కారని దానికి తెలుసు, బిల్లు పడిందో లేదో మీకు చెప్పదు.

ఇప్పుడు ఒంటి సంగతి. మీరు 'భయమా' అని అడిగారు. భయం అనే మాట నాకు నచ్చలేదు గానీ ఒంట్లో జరిగేది దానికి దగ్గరగానే ఉంటుంది. 2002లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రోజలిండ్ పికార్డ్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. జనాన్ని కంప్యూటర్ ఆట ఆడమన్నారు. గెలిస్తే బహుమతి. మధ్యమధ్యలో మౌస్ కావాలనే పనిచెయ్యకుండా చేశారు. ఆడేవాళ్లకు ఆ సంగతి చెప్పలేదు. అప్పుడు వాళ్ల చర్మం మీద చెమట తడినీ, నరాల్లో రక్తం కొట్టుకునే తీరునూ కొలిచి, చిరాకు ఒంట్లో ఎట్లా కనిపిస్తుందో చూశారు. ఎవరూ వాళ్లను తిట్టలేదు, కొట్టలేదు. మౌస్ మాట వినలేదు, అంతే. మీకు బహుమతి బదులు ఒక రైతు ఏడాది పంట ఉంది, పక్కన సేటు ఉన్నాడు. ఇక చెమట పట్టదా?

ఇంకోటి. రేపు సేవ్ నొక్కేటప్పుడు మీ ఊపిరి గమనించండి. చాలామంది స్క్రీన్ జవాబు కోసం చూస్తూ ఊపిరి బిగబట్టేస్తారు, భుజాలు చెవుల దాకా లేస్తాయి. ఆపిల్‌లోనూ మైక్రోసాఫ్ట్‌లోనూ పనిచేసిన లిండా స్టోన్ 2008లో, ఈమెయిల్ చూసేటప్పుడు తాను ఊపిరి ఆపేస్తున్నానని గమనించి దాని గురించి రాసింది. రోజుకు రెండు వందల బిల్లులు కొడితే రెండు వందల సార్లు భుజాలు లేచి దిగాలి. మెడ పట్టేయక ఏం చేస్తుంది!

సేటుగారు మీ వేగం తగ్గలేదు కదా అని అనుకుంటూ ఉండొచ్చు. అది కూడా మోసమే. 2008లో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవాళ్లు చూపించింది ఏమిటంటే, మధ్యలో మాటిమాటికీ ఆటంకం కలిగినవాళ్లు పని ఇంకా త్వరగానే ముగించారు. ఆలస్యమవుతుందని తొందరపడి ఆ లోటు పూడ్చుకున్నారు. కానీ వాళ్లకు టెన్షన్, చిరాకు, తొందర, శ్రమ అన్నీ ఎక్కువయ్యాయి. లెక్కల పుస్తకంలో ఆ ఖర్చు పడదు. మీ మెడ మీద పడుతుంది.

ఇదంతా పెద్ద తెలివిగలవాడిలా చెబుతున్నాను గానీ, నేను చేసిన పాపం కూడా ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక ప్రైవేటు దవాఖానకు మా టీం బిల్లింగ్ స్క్రీన్ చేసిచ్చింది. నా చేత్తో గీసిన స్క్రీన్ అది, చాలా గర్వంగా ఉండేవాణ్ని. ఆర్నెల్ల తర్వాత ఏదో చిన్న పని మీద వెళ్లి కౌంటర్ వెనక కూర్చున్నాను. అక్కడ పనిచేసే అమ్మాయి మానిటర్ అంచుకు ఒక చీటీ అంటించుకుంది. పసుపు కాగితం, అంచులు నలిగిపోయి ఉన్నాయి. దాని మీద బాల్‌పెన్నుతో పెద్ద అక్షరాలు: 'ఎఫ్5 నొక్కకు'. కింద రెండు గీతలు. ఎందుకని అడిగితే, ఎఫ్5 నొక్కితే పేజీ మళ్లీ మొదటికి వచ్చి పేషెంటు వివరాలన్నీ పోతాయట. ఒకసారి రాత్రిపూట అట్లా పోతే, ఆక్సిడెంట్ కేసు తాలూకు మనుషులు ఆమె మీద అరిచారట. ఆ ఎఫ్5కు అడ్డం పెట్టడం నాకు ఒక పూట పని. నాకు తట్టలేదు. ఆమె అడగలేదు, 'నాదే పొరపాటు సార్' అంది. అప్పటి నుంచి ఏ ఆఫీసుకు పోయినా ముందు మానిటర్ల అంచుల కేసి చూస్తాను. ఎన్ని చీటీలుంటే ఆ సాఫ్ట్‌వేర్ అన్ని చోట్ల చెడినట్టు.

మా నాన్న కాజీపేటలో రైల్వే కేబిన్‌లో పనిచేసేవారు. చిన్నప్పుడు అన్నం క్యారేజీ తీసుకెళ్లి ఆ లీవర్లను చూసేవాణ్ని. వరసగా నిలబెట్టిన ఇనుప కడ్డీలు, ఒక్కోటి నా ఎత్తు. ఆగు అనే సిగ్నళ్లకు ఎరుపు, పట్టాలు మార్చేవాటికి నలుపు, పట్టా తాళాలకు నీలం. ఒక బండికి దారి ఇచ్చాక దానికి అడ్డొచ్చే ఇంకో దారి లీవరు లాగితే కదలదు. కింద ఇనుప పట్టీలు ఒకదానికొకటి అడ్డం పడి ఆపేస్తాయి. ఇంటర్‌లాకింగ్ అంటారు. "నాన్నా, మర్చిపోయి తప్పు లీవరు లాగితే?" అని అడిగితే "లాగు చూద్దాం" అని నవ్వారు. రెండు చేతులతో వేలాడాను, కదల్లేదు. 'జాగ్రత్త' అని బోర్డు పెట్టి చేతులు దులుపుకోలేదు వాళ్లు. నిద్ర చాలని మనిషి, అర్ధరాత్రి డ్యూటీ, వానలో సరిగా కనబడని సిగ్నలు, ఇవన్నీ ఉంటాయని ముందే ఒప్పుకుని కట్టిన కేబిన్ అది. నాన్న అందుకే ఇంటికొచ్చి హాయిగా పడుకునేవారు.

మీ ఫొటోలో సేవ్ పక్కనే క్లియర్ ఉంది. రెండూ ఒకే నీలం, ఒకే సైజు, మధ్యలో గోరంత ఖాళీ. అందులో ఒకటి అరగంట పనిని దాచేది, ఇంకోటి తుడిచేసేది. మా నాన్న చూస్తే ఏమనేవారో!

మీరు ఇంకో సంగతి చెప్పారు, ప్రతిదానికీ 'ఆర్ యూ ష్యూర్' అని అడుగుతుందని. ఊరు పేరు మార్చినా అడుగుతుంది, బిల్లు మొత్తం చెరిపినా అదే మాట, అదే డబ్బా. ఇరవైసార్లు అడిగాక చెయ్యి చదవడం మానేసి ఎస్ కొట్టేస్తుంది. అసలు ప్రమాదం వచ్చిన ఇరవై ఒకటోసారి కూడా ఎస్సే. అడగడం కంటే వెనక్కి తీసుకునే దారి ఇవ్వడం మేలు. ఆ దారి ఉండాలని ఈ రంగంలో పెద్దవాడు బెన్ ష్నైడర్‌మన్ 1980లలోనే చెప్పాడు. తప్పు చేసినా సరిదిద్దుకోవచ్చని తెలిస్తే మనిషికి ఆందోళన తగ్గుతుందన్నాడు. వాట్సాప్‌లో 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' బదులు పొరపాటున 'డిలీట్ ఫర్ మీ' నొక్కి తల కొట్టుకున్నవాళ్లం ఎంతమంది! 2022 చివర్లో దానికి అన్‌డూ పెట్టారు. ఐదే సెకన్లు ఇస్తుంది, ఆ ఐదు చాలు.

మధ్యలో బయటికి పంపేసి పాస్‌వర్డ్ అడగడం భద్రత కోసం పెట్టి ఉంటారు, అది తప్పనను. కానీ వెబ్ పేజీలు అందరూ వాడుకునేలా ఉండాలని ప్రపంచమంతా పాటించే మార్గదర్శకాల్లో దీనికీ నియమం ఉంది. గడువు పెంచుకునే వీలు ఇచ్చే పద్ధతి పెడితే, ముగిసే ముందు హెచ్చరించాలి, ఒక్క కీ నొక్కి పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. తూకం చీటీ కోసం, తూకం వేసే దడవాయి దగ్గరికి మనిషిని పంపి ఎదురుచూస్తున్న మీరు ఖాళీగా కూర్చున్నట్టు లెక్క కాదు.

సరే, ఇప్పుడేం చెయ్యాలి.

ముందు బీపీ చూపించుకోండి. నేను స్క్రీన్‌ను తిట్టానని అది మానకండి. 44కు ఎట్లాగూ ఏడాదికోసారి చూపించుకోవాల్సిందే, బస్తీ దవాఖానలో ఐదు నిమిషాల పని. తలనొప్పితో పాటు చూపు మసకబారినా, వాంతులయినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కళ్లు కూడా చూపించుకోండి, మీకు చత్వారం వచ్చే వయసు. మనవాళ్లు పేపరు చదివే దూరానికి అద్దాలు తీసుకుంటారు. మానిటర్ అంతకంటే దూరంలో ఉంటుంది. రెండు చూపుల అద్దాలైతే కింది భాగంలోంచి చూడాలని గడ్డం పైకెత్తి కూర్చుంటారు, అది నేరుగా మెడకు తగులుతుంది. టేపు పెట్టి మీ కంటికీ స్క్రీన్‌కూ మధ్య దూరం కొలిచి, ఆ అంకె కళ్లద్దాల షాపులో చెప్పండి. ఈలోగా ఆ లేత బూడిదరంగు అక్షరాలతో కుస్తీ ఎందుకు? కంట్రోల్ నొక్కిపట్టి ప్లస్ కొట్టండి, అన్నీ పెద్దవవుతాయి. ఎక్కువైతే మైనస్.

తర్వాత ఒక చిన్న నోట్‌బుక్. వారం రోజులు, ఆ స్క్రీన్ మిమ్మల్ని ఆపిన ప్రతిసారీ ఒక గీత. టైము, ఏం జరిగింది, ఎంతసేపు పోయింది. '11.20, సేవ్ రెండుసార్లు, పట్టీ చించి మళ్లీ, 6 నిమిషాలు.' అంతకంటే వద్దు. 2004లో అమెరికాలోని మేరీల్యాండ్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో జనం చేత ఇట్లాగే రాయించారు. కంప్యూటర్ ముందు గడిపిన సమయంలో మూడో వంతు నుంచి సగం దాకా ఇలాంటి చిక్కుల్లోనే పోయిందని తేలింది. మీ దుకాణం లెక్క ఎంతో మీ నోట్‌బుక్ చెబుతుంది. రాయడం వల్ల ఇంకో లాభం ఉంది. 'నా వల్లే' అని మనసులో గింగిరాలు తిరిగేది కాగితం మీద పడితే, అదే తప్పు అదే చోట మళ్లీ మళ్లీ జరుగుతున్నట్టు కనబడుతుంది. ఒకే చోట అందరూ జారిపడుతుంటే అక్కడ నీళ్లున్నట్టే కదా.

ఆ నోట్‌బుక్ పట్టుకుని సేటుగారి దగ్గరికి వెళ్లండి. జెండా పాట (వేలం) టైములో వద్దు, సాయంత్రం లెక్కలు ముగిసి ఆయన చాయ్ తాగేటప్పుడు. 'నాకు టెన్షన్ అవుతోంది' అని మొదలుపెట్టకండి, ఆయన మళ్లీ వయసు దగ్గరికి పోతారు. "సేటూ, ఈ వారం పట్టీలు తొమ్మిదిసార్లు చించి మళ్లీ కొట్టిన. గంటన్నర పోయింది. మూడు మార్పులు చేయిస్తే ఇది పోతది" అనండి. అంకెలు మీ నోట్‌బుక్‌లో ఉన్నవే చెప్పండి. వ్యాపారం చేసే మనిషికి అంకె వినబడినంత గట్టిగా అరుపు వినబడదు. సాఫ్ట్‌వేర్ మొత్తం మార్చమని మాత్రం అడగకండి, డబ్బు పోసి కొన్నది.

ఆ మూడు ఏమిటంటే: ఎంటర్ కొడితే పక్క గడికే పోవాలి, బిల్లు పంపడానికి వేరే కీ ఉండాలి. సేవ్ ఒకసారి నొక్కాక రెండోసారి పడకూడదు, అయ్యాక బిల్లు నంబరుతో సహా తెలుగులో 'బిల్లు పడింది' అని రావాలి. క్లియర్‌ను అక్కడి నుంచి తీసి దూరంగా పెట్టాలి, రంగు మార్చాలి. వీలైతే ఆ ఎర్రర్ మాట కూడా. 'ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్' అని ఎర్రగా వస్తే మనం ఏదో నేరం చేసినట్టుంటుంది. 'తూకం గడిలో అక్షరం పడింది, అంకె కొట్టండి' అని వస్తే దిద్దుకుని ముందుకు పోతాం. సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోన్‌లో "అది అట్లనే వస్తది మేడమ్" అంటాడు. అట్లనే రాదు, ఎవరో అట్లా రాస్తేనే వస్తది. ఆ అబ్బాయిని కూడా తిట్టకండి. ఒక్క పూట మీ పక్కన కుర్చీ వేసి, మిర్చి దిగే టైములో కూర్చోబెట్టండి. నాకు ఆ పసుపు చీటీ చేసిన పని అతనికి మీ కిటికీ చేస్తుంది.

కిటికీ అంటే గుర్తొచ్చింది. నర్సంపేట నుంచో మహబూబాబాద్ నుంచో తెల్లారకముందే బయల్దేరి వచ్చిన రైతుకు కూడా ఏమవుతోందో తెలియదు, అందుకే ఆయన "ఏమాయె" అంటాడు. ఆయన ఆరాటం మీ మీద పడుతుంది. మానిటర్‌ను కొంచెం పక్కకు తిప్పి, తన బస్తాల తూకాలు ఆయనకూ కనబడేలా పెట్టి చూడండి. పాత మానిటర్ ఏదైనా మూలన పడి ఉంటే దాన్ని కిటికీ వైపు తిప్పి కలపొచ్చు. ఆయనే వరసగా లెక్కపెట్టుకుంటాడు. ఎనిమిదో గడి ఖాళీగా ఉంటే మీకంటే ముందు ఆయనే "ఒకటి తక్కువైంది బిడ్డా" అంటాడు. సేటుగారికి ఇది నచ్చకపోవచ్చు, అడిగి చెయ్యండి.

ఉద్యోగం మానడం గురించి మీవారికి నా మాటగా చెప్పండి, సీజన్ మధ్యలో ఆ నిర్ణయం వద్దు. ఉగాది దాటి మిర్చి తగ్గాక కూర్చుని మాట్లాడుకోండి. మూడు మార్పులూ చేయించాక కూడా పదిమంది ముందు అదే మాట అంటే, అది స్క్రీన్ తప్పు కాదు. అప్పుడు మీ పదకొండేళ్ల పనితనం ఇంకో దుకాణానికి పనికొస్తుంది.

ఇవన్నీ జరిగేలోగా రేపు పొద్దున్నే చేసుకోగలిగింది ఒకటుంది. మా నాన్న కేబిన్‌లో, ఫలానా లీవరు ఇప్పుడు లాగకూడదని గుర్తుండటానికి దాని పిడికి ఒక ఇనుప కడియం తొడిగేవారు. చెయ్యి వెళ్లగానే కడియం తగిలి ఆగేది. మీ కీబోర్డ్‌లో ఎంటర్‌లు రెండుంటాయి, అక్షరాల పక్కన ఒకటి, అంకెల పక్కన ఒకటి. రెండింటి మీదా చెరొక స్టిక్కర్ బొట్టు అంటించండి. నున్నటిది వద్దు, రాయి ఉన్నది. వేలికి గుచ్చుకున్నట్టయి ఒక్క క్షణం ఆగుతారు. రెండు మూడు రోజులకు ఊడిపోతుంది, ఇంకోటి అంటించుకోండి.